బొట్టు పెట్టిన గార్డు

అన్నాల వేళ దాటినా వాన వదల్లేదు. కలకత్తా మెటియాబ్రుజ్ రేవు రోడ్డులో గోడౌన్ గేటుకి అడ్డంగా ఓ ముసలి నిద్రగన్నేరు వేళ్లతో సహా పెల్లగిలి పడి ఉంది. గేటు లోపల లారీలు, బయట లారీలు, మధ్యలో చెట్టు. చెట్టు మీద నరసయ్య, నరసయ్య చేతిలో రంపం మిషను.

కాంట్రాక్టరు మురళీమోహన్ గొడుగు కింద నుంచి కేకేశాడు. “ఏంటి మిస్త్రీ, ఇంకా ఎంతసేపు? సాయంత్రానికి దారి ఇవ్వకపోతే ఈ గోడౌన్ పని మళ్లీ మనకి రాదు.”

“అయిపోనాది బాబూ, ఇంకో రెండు కొమ్మలు,” అన్నాడు చెట్టు కింద నిలబడ్డ బైరాగి.

నిజానికి ఇంకా సగం చెట్టు ఉంది. మురళీమోహన్ ఏది అడిగినా అయిపోయిందనో, ఉందనో, తెలుసుననో చెప్పడం బైరాగికి అలవాటు.

బైరాగీ, నరసయ్యా ఉండే బస్తీవాళ్ల తాతలు శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చారు. మూటలు పోయి కంటెయినరు పెట్టెలొచ్చాయి, పెట్టెల వెనకే క్రేన్లొచ్చాయి. మూట మోసిన వీపులకి ఇప్పుడు గడ్డి కోసే మిషన్లూ, చెట్లు కోసే మిషన్లూ తగులుకున్నాయి. కోసేవాడికి రోజుకి ఏడు వందలు, కొమ్మలీడ్చే ఆడమనిషికి నాలుగు వందలు. ఆడమనిషి ఈడ్చే కొమ్మ తేలిగ్గా ఉంటుందని ఎవరు తూచి చెప్పారో మరి.

బైరాగి కుర్రతనంలో రేవులో సరుకులెత్తే యంత్రాలకి గ్రీజు పూసేవాడు. ఆ గ్రీజు పుణ్యాన బస్తీలో ఫ్యాను తిరక్కపోయినా, కుట్టుమిషను బిగుసుకున్నా అతని గుమ్మంలోకే వచ్చేవి. అందరూ మిస్త్రీ అన్నారు. అనగా అనగా అతనూ నమ్మేశాడు. యాభై ఏళ్లు దాటాయి. ‘తెలీదు’ అన్న మాట అతని నోట విన్నవాళ్లు లేరు.

ఈ మిషను కొన్నదీ ఆ గొప్పతోనే. నిరుడు మురళీమోహన్‌తో హౌరాలో దుకాణానికి వెళ్లినప్పుడు, కొట్టు ముసలాయన మొదట ఓ చిన్న మిషను బల్ల మీద పెట్టాడు. బరువు తక్కువ, రోజంతా పట్టుకున్నా చేతులు పీక్కుపోవు, ఏ ముక్క పాడైనా ఇక్కడే దొరుకుతుంది అన్నాడు. పక్కన ఏ ఊరిదో తెలీని పెద్ద మిషను ఉంది. చైను తిరిగే బారు పొడుగు, ధర తక్కువ. మురళీమోహన్ చూపు ఆ ధర మీదే ఉంది. “నువ్వు చెప్పు మిస్త్రీ, నీకన్నా తెలిసినవాడెవడు?” అన్నాడు. నలుగురిలో అలా అడిగేసరికి బైరాగి ఛాతీ పొంగింది. పెద్దదాన్ని ఒంటి చేత్తో పైకెత్తి, “ఇదీ మగోడి మిషను” అన్నాడు. “పార్ట్స్ పాబేన్ నా దాదా,” అని ముసలాయన గొణిగాడు, విడి ముక్కలు దొరకవు సుమా అని. పోనీ దీని బ్రేకు విప్పి శుభ్రం చెయ్యడమైనా చూపిస్తాను, కూర్చోమన్నాడు. బైరాగి నవ్వి, నాకు తెలుసన్నాడు.

ఇప్పుడు ఆ మగాడి మిషనే నిద్రగన్నేరు మీద గుర్రుమంటోంది.

రెండు కొమ్మల సందులో బారు కొసకి, లోపల దాగి ఉన్న మూడో కొమ్మ తగిలింది. రంపం మిషను పట్టినవాళ్లంతా భయపడేది దీనికే. కొస దగ్గర కొరికితే చైను కొయ్యదు. మిషను వెనక్కెగిరి మనిషినే తంతుంది. అలా తన్నినప్పుడు కాపాడ్డానికే పిడికి ముందు అరచెయ్యంత నల్ల ప్లాస్టిక్కు గార్డు పెడతారు. ఎగిరిన మిషను మీది గార్డు మణికట్టుకి తగిలి ముందుకి వంగుతుంది, రెప్పపాటులో బ్రేకు పడి చైను ఆగిపోతుంది.

ఈ మిషనుకి గార్డు లేదు.

కొమ్మ ఈడుస్తున్న అప్పలలక్ష్మి అరుపు విని వెనక్కి తిరిగేసరికి, ఆమె మొగుడు నరసయ్య చెట్టు మీంచి జారి బురదలో కూర్చుని ఉన్నాడు. ఎడం చేతిని కుడి చేత్తో పట్టుకుని, ఆ చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు చూస్తున్నాడు. “ఓలమ్మో!” అంటూ ఆమె కొమ్మ వదిలి పరిగెత్తింది. తలగుడ్డ లాగి చేతికి చుట్టింది. చుట్టుతుండగానే గుడ్డంతా ఎర్రబడిపోయింది.

అందరూ నరసయ్య దగ్గరికి పరిగెత్తారు. బైరాగి మాత్రం ముందు మిషను దగ్గరికెళ్లాడు. దాన్ని ఆపి, పక్కనున్న గోనెపట్టా తెచ్చి కప్పాడు. వానలో మిషను తడవకూడదని చేశాడనుకున్నారు చూసినవాళ్లు. మనిషి రక్తం కారుతుంటే మిషనుకి పట్టా కప్పిన తన చేతుల్ని చూసుకుంటే బైరాగికే అసహ్యం వేసింది.

“ఆస్పత్రిలో చెట్టు మీంచి పడ్డాడని చెప్పండి. మిషను మాట ఎత్తకండి, పోలీసులొస్తారు,” అన్నాడు మురళీమోహన్, నరసయ్యని ఎక్కించిన ఆటోలోకి ఒంగి.

గార్డు బైరాగి ఇంట్లో మంచం కింద, పనిముట్ల పెట్టెలో, పాత లుంగీ ముక్కలో చుట్టి ఉంది.

వానలు మొదలైన కొత్తలో బ్రేకు దానంతటదే పట్టెయ్యడం మొదలెట్టింది. తడి పొట్టూ నూనే కలిసి లోపల పేరుకుంటే అలాగే అవుతుంది. చైను ఆగినప్పుడల్లా మురళీమోహన్ అరిచేవాడు. విప్పి శుభ్రం చేస్తే తీరిపోయే జబ్బు. బైరాగి విప్పబోయాడు. రెండు బోల్టులు తీశాక లోపలి స్ప్రింగు చూసి చెయ్యి ఆడలేదు. గంగ దాటి హౌరా వెళ్లి ముసలాయన్ని అడిగితే ఒక్క పూట పని. కానీ అడగాలంటే ముందు తెలీదని ఒప్పుకోవాలి. గార్డు ఊడదీసేస్తే బ్రేకు గొడవే ఉండదని తోచింది. తీసేశాడు. మర్నాటి నుంచి మిషను ఆగకుండా నడిచింది. ‘నువ్వు మొనగాడివి మిస్త్రీ’ అని మురళీమోహన్ భుజం తట్టాడు కూడా.

గార్డు సంగతి అడిగింది అప్పలలక్ష్మి ఒక్కతే. నరసయ్యకి దగ్గర చూపు ఆనదు. అందుకని రోజూ చైను పళ్లకి ఆకురాయి పెట్టేదీ, పొట్టు దులిపేదీ ఆమే. “మావయ్యా, ముందర నల్లది ఉండాలి కదా, ఏటైంది?” అంది. “ఇరిగిపోనాదే. హౌరా కొట్టులో ఇచ్చినాను, వొచ్చెత్తాది,” అన్నాడు బైరాగి. ఆమె నమ్మింది. మిస్త్రీ మావయ్య మాట నమ్మకపోవడానికి ఆమెకి కారణమేమీ లేదు.

*

ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. చెయ్యి ఉంటుంది గానీ వేళ్లు మునుపటిలా ముడుచుకోవన్నారు. ఆ కబురు బస్తీకి చేరిన సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్లంతా పోగయ్యారు. అక్కడ తీర్పు చెప్పింది బైరాగి పెళ్లాం నారాయణమ్మ.

“అనకూడదు గానీ, నాను కళ్లారా సూసినాను. ఆ పొద్దున్న అప్పలచ్మి బయటున్నాది. తలకి నీల్లోసుకోనేదు. ఆ ముట్టుతోనే మిషను ముట్టుకున్నాది, ఆకురాయి పెట్టినాది. ఇసకర్మ ఊరుకుంటాడేటి? ఆయుధం మీద మైల పడితే అది సొంతోడినే కరుత్తాది.”

అంతే. నలుగురు ఔనన్నారు. మిగతావాళ్లు కాదనలేదు. తెలుగువాళ్లకి ముట్టు భయం ఊరి నుంచి వచ్చింది. పనిముట్ల దేవుడు విశ్వకర్మ భయం కలకత్తాలో అబ్బింది. ఈ బస్తీలో రెండూ పెళ్లాడి కాపరం చేస్తున్నాయి. బెంగాలీ దేవుడికి మన కోడిని కోసేది ఈ ఊళ్లో వీళ్లొక్కరే.

బైరాగి గుమ్మంలో కూర్చుని అంతా విన్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పని.

మాట మురళీమోహన్ చెవిన పడింది. అతను చదువుకున్నవాడు, విజయవాడలో ఇంజినీరింగు చేసి ఇక్కడ కాంట్రాక్టులు పట్టినవాడు. ఇలాంటి మాట వింటే నవ్వాలి. నవ్వలేదు. మర్నాడు బస్తీకొచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

“నాకైతే వీటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ మీ ఆచారాన్ని నేను కాదనకూడదు కదా. విశ్వకర్మ పూజ దగ్గర పడింది. ఆ రోజు అప్పలలక్ష్మి అందరి ముందూ మిషను పసుపు నీళ్లతో కడిగి, తప్పు తనదని చెప్పి దణ్ణం పెట్టుకుంటే మిగతావాళ్ల భయం పోతుంది. ఆమె పని ఆమెకుంటుంది. లేదంటే, ఆమె ఉంటే మేం మిషను పట్టం అని మగవాళ్లంటున్నారు. నేనేం చెయ్యగలను?”

అప్పలలక్ష్మి తడిక పట్టుకుని నిలబడి ఉంది. “తప్పు నాదంటే పనుంటాదా బాబూ?” అంది.

“ఉంటుందమ్మా. పూచీ నాది.”

“మరి ఆయన సేతికి ఏటైనా...”

“అది తర్వాత చూద్దాం. ముందు శాంతి జరగనీ.”

ఆమె ఒప్పుకుంది. మొగుడు మంచం మీదుంటే ఆ నాలుగు వందలే ఇంటికి అన్నం. అయినా అన్నం కోసమే ఒప్పుకోలేదామె. తన వల్లే జరిగిందని ఆమెకీ అనుమానం పట్టుకుంది. ఆస్పత్రిలో మొగుడికి గంజి తాగిస్తూ అతని మొహం వైపు చూడలేక గోడకేసి చూసేది.

బైరాగి ఆస్పత్రికి ఒక్కసారే వెళ్లాడు. ఎలా ఉందని అడిగి వచ్చేద్దామనుకున్నాడు. నరసయ్య అతన్ని చూసి లేవబోయాడు.

“మావా, నీ మిషను నిలబెట్టనేకపోనాను. ఎప్పుడూ జారని సెయ్యి జారిపోనాది. నీకు మాటొచ్చీసినాది నా వొల్ల.”

“పడుకోరా,” అన్నాడు బైరాగి. తెచ్చిన అరటిపళ్లు పక్క మీద పెట్టి బయటికొచ్చేశాడు. మెట్ల మీద అతనికి ఏడుపొచ్చింది. చెప్పెయ్యాలనుకున్నాడు. చెప్తే పని పోతుంది. అది పెద్ద భయం కాదు. రేపు పొద్దున్న ఎవడో ఫ్యాను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ‘నీకు వచ్చా అసలు?’ అని అడుగుతాడు. ఆ చూపుకే అతనికి భయం. వెధవ పరువు కోసం ఇంకొకరి పెళ్లాన్ని దోషిలా పీట మీద కూర్చోబెడుతున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసీ ఇంటికే వెళ్లాడు.

*

విశ్వకర్మ పూజ నాడు కలకత్తాలో మిషన్లన్నిటికీ సెలవు. పొద్దుటి నుంచీ మెటియాబ్రుజ్ మేడల మీంచి గాలిపటాలు లేచాయి. వాన వెలిసింది. సందులో పందిరి కింద ఏనుగెక్కిన విశ్వకర్మ బొమ్మ నవ్వుతోంది. దాని ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. బల్ల కాలికి కోడిని కట్టారు.

ఆ రోజు ఇంట్లో ఏ పనిముట్టూ బొట్టు లేకుండా ఉండకూడదు. ఒక్క ముక్క మరిచిపోయినా ఏడాదంతా అది పగబడుతుందని నారాయణమ్మ నమ్మకం. ప్రమాదం జరిగిన ఏడు కాబట్టి ఇంకా జాగ్రత్త పడింది. బైరాగి కోడి కోసం బజారుకెళ్లినప్పుడు మంచం కింద పెట్టె బయటికీడ్చి, రెంచీలూ సుత్తులూ అన్నీ చింతపండుతో తోమింది. అడుగున లుంగీ ముక్కలో ఏదో నల్లటి ప్లాస్టిక్కు సామాను దొరికింది. మిషనుదే కాబోలు, దాచుకున్నాడంటే విలువైనదే కాబోలు అనుకుని, దాన్నీ కడిగి పసుపు రాసి, నడిమధ్య గుండ్రంగా కుంకం బొట్టు పెట్టింది. అన్నిటితో పాటు పళ్లెంలో సర్ది, తెచ్చి బల్ల మీద పెట్టింది.

బైరాగి పందిట్లోకి వచ్చి దాన్ని చూశాడు. తీసేద్దామా అంటే చుట్టూ జనం. దేవుడి ముందు పెట్టిన పనిముట్టు పూజ అయ్యేదాకా తియ్యకూడదు. నారాయణమ్మ మొగుణ్ని చూసి గర్వంగా తలూపింది, ఏదీ మరిచిపోలేదన్నట్టు.

మిషను బల్ల ముందు గోనె మీద ఉంది. దాని ఎదురుగా పీట. అప్పలలక్ష్మి తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా పీట మీద కూర్చుంది. మురళీమోహన్ ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

“స్పష్టంగా చెప్పమ్మా. మైలతో మిషను ముట్టుకున్నాను, ప్రమాదం నా వల్లే జరిగింది, ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు. ఇంతే.”

ఫోను ఎందుకో అప్పటికి బైరాగికి అర్థమైంది. ఆ మూడు ముక్కలూ ఫోనులో పడితే నరసయ్య చేతికి ఇంక పరిహారం అడిగే నోరుండదు. దేవుడికి పసుపు నీళ్లు, కాంట్రాక్టరుకి సాక్ష్యం.

“సెప్పే, గుంటా,” అంది నారాయణమ్మ మెల్లిగా. ఆమె గొంతులో కోపం లేదు, జాలే ఉంది.

అప్పలలక్ష్మి పసుపు నీళ్ల చెంబు అందుకుంది. మిషను మీద పొయ్యబోతూ, రోజూ తుడిచే అలవాటుకొద్దీ పిడి ముందు వేలితో తడిమింది. గార్డు ఉండాల్సిన చోట ఖాళీ. రెండు బోల్టు కన్నాలు. ఆమె చెంబు దించింది. తలెత్తి దేవుడికేసి చూసింది. దేవుడి కాళ్ల దగ్గర, రెంచీల మధ్య, బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది ఆ నల్లది.

లేచి వెళ్లి దాన్ని తీసింది. “పూజ కాకండా తియ్యకూడదే!” అని ఎవరో అన్నారు. ఆమె వినలేదు. తెచ్చి మిషనుకి ఆనించి పట్టుకుంది. కన్నాలు కన్నాలకి సరిపోయాయి. ఎక్కడా విరగలేదు, చిట్లలేదు.

“అత్తా, ఇదెక్కడిది?”

“మా పెట్టెలోదే. ఏటే?” అంది నారాయణమ్మ. ఆమెకింకా ఏమీ తెలీదు.

అప్పలలక్ష్మి బైరాగి వైపు తిరిగింది. గార్డుని రెండు చేతులతో అతని ముందుకి చాపింది.

“మావయ్యా, ఇరిగిపోనాదన్నావు. ఇరగనేదు కదా. బిగించు.”

మేడ మీద ఎవరిదో గాలిపటం తెగింది. తెగిందోచ్ అన్నట్టు కుర్రాళ్లు “భోకాట్టా!” అని అరిచారు. మురళీమోహన్ ఫోను దించి నవ్వు తెచ్చుకున్నాడు.

“పాత సామాను అయ్యుంటుందమ్మా. వేరే మిషనుది. మిస్త్రీ, ఇది దీనిది కాదని చెప్పు. నీకన్నా తెలిసినవాడెవడున్నాడు?”

హౌరా దుకాణంలో అన్న మాటే. బైరాగి గార్డు తీసుకున్నాడు. కుంకం అతని బొటనవేలికి అంటింది. కాదు అన్న ఒక్క ముక్క చాలు. మిస్త్రీ చెప్పాడంటే బస్తీ అంతా నమ్ముతుంది, ఈ పిల్ల కూడా నమ్మి మళ్లీ పీట మీద కూర్చుంటుంది. అతను గార్డుని అటూ ఇటూ తిప్పాడు. మిషను వైపు చూశాడు.

“దీందే బాబూ,” అన్నాడు. “నానే తీసీసినాను. బ్రేకు పట్టీసేది. బాగు సెయ్యడం నాకు రాదు. మల్లీ ఎలగ బిగించాలో...” అప్పలలక్ష్మి వైపు తిరిగాడు. “నాకు తెలీదమ్మా. నాకు తెలీదు.”

“ఏటంతన్నావు?” అంది నారాయణమ్మ. ఆ మాట అడగడమే గానీ ఆమె మొహం అప్పటికే పాలిపోయింది. పీట వైపు చూసి, గబుక్కున కళ్లు దించుకుంది.

అప్పలలక్ష్మి ఏడవలేదు, తిట్టలేదు. “నా మొగుడి మొకం సూడనేకపోతన్నాను మావయ్యా,” అంది. “ఆడికి గంజి పోత్తూ గోడకేసి సూత్తన్నాను. నా వొంటి మీద నాకే రోత పుట్టీసినాది. ఆడు సూత్తే నీ మిషను పాడు సేసినానని ఏడుత్తన్నాడు. మాలో మేం సిగ్గుతో సత్తంటే నువ్వు సూత్తా కూకున్నావు.”

ఆమె అతని చేతిలోంచి గార్డు లాక్కుంది.

“అది ఇటివ్వమ్మా,” అన్నాడు మురళీమోహన్. గొంతు మారింది. “కంపెనీ సామాను అది. నీ పని మాట తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. ఇటివ్వు.”

ఆమె దాన్ని కొంగులో పెట్టి, ముడి వేసి, ఆ ముడిని నడుములో దోపుకుంది. మంచి చీర మీద పసుపు మరక దిగింది.

“ఇవ్వను బాబూ.”

బాబుగారికి కాదని ఆ బస్తీలో అంతవరకూ ఎవరూ అనలేదు. అందుకేనేమో ఆమెకి అడ్డు వెళ్లాలని ఎవరికీ తోచలేదు. ఆమె పందిరి దాటి, సందు దాటి, ఆస్పత్రికి వెళ్లే బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.

“మిస్త్రీ! ఆపు దాన్ని. ఆపకపోతే రేపటి నుంచి నువ్వూ రానక్కర్లేదు!”

బైరాగి కదిలాడు. ఆపడానికే వెళ్తున్నాడనుకుని మురళీమోహన్ ఊరుకున్నాడు. బైరాగి ఆమెని అందుకోలేదు, పిలవలేదు. వెనకాలే, దూరంగా, తల దించుకుని నడిచాడు. బస్సొచ్చింది. ఆమె ముందు గుమ్మంలో ఎక్కింది. అతను వెనక గుమ్మంలో ఎక్కి, జనం మధ్య నిలబడి, నరసయ్యకి చెప్పాల్సిన మాటని నోట్లోనే అనుకుంటున్నాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.